మూడోవాడి తెడ్డు

పాటు మొదలయ్యేది రెండింటికి.
అప్పటిదాకా బోట్లు కదలవు,
ఐసు కోసం వచ్చినవాళ్ళూ కదలరు.
యానాం రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ నాది.
ఊక బస్తాల మీద కాలు విరిగిన టీవీ నాది.
అమ్మోనియా ఘాటుకి అలవాటుపడ్డ ముక్కు కూడా నాదే.

ఆ జూన్‌లో అర్ధరాత్రి దాటాక బంతాట వచ్చేది.
ఖండానికొక విజేతట,
అందర్నీ ఒకచోట దింపి ఆడిస్తారట.
"మరి మనదాంట్లోంచి ఎవరు?"
అన్నాడు కొపనాతి నూకరాజు, నోట్లో బీడీ తియ్యకుండానే.
"మనం కాదులే" అన్నాను.
అతను ఆశ్చర్యపోలేదు.

ఆ రాత్రి ఒకవైపు ఆఫ్రికా గెలిచినవాళ్ళు,
తాటి దూలాల్లాంటి తొడలు.
ఇంకోవైపు ఏదో దీవి.
దాని పేరు నాకు నోరు తిరగలేదు.
మ్యాపులో చూపిస్తే ఈగ వాలిన మచ్చంత,
చుట్టూ అంతా నీలమే.
"అంటే లంకోళ్ళన్నమాట" అన్నాడు ఓలేటి గంగులు,
అంతవరకూ గోడకి జారబడి కళ్ళు మూసుకున్నవాడు.
లేచి కూర్చున్నాడు.

వాళ్ళలో ఒక్కడికే ఆట కూడు పెడుతుందట.
మిగతావాళ్ళు పొద్దున్నే పన్లోకి పోయేవాళ్ళట.
ఒకడు ఇంటింటికీ సామాన్లు చేరవేస్తాడు, ఒకడు బడిపంతులు,
ఒకడికైతే ఆ నెల పనే దొరకలేదు.
తెలుగులో చెప్పేవాడు లేడు,
నాకొచ్చిన ఇంగ్లీషుకి కొంత నేనే కలిపి చెప్పాను.

ఆట మొదలైన కాసేపటికే ఒకటి తిన్నారు.
బంతి ఎవడి వీపుకో తగిలి దారి తప్పింది.
బీడీ ఆరకముందే ఇంకోటి.
మూడోది పడ్డప్పుడు నూకరాజు పగలబడి నవ్వి
"వల చిరిగిపోయిందిరా, కుట్టేవాణ్ణి పంపండి" అన్నాడు.
నేను క్రషర్‌లో దిమ్మ వేశాను.
ఆ మోతలో
కాసేపు ఎవరి నవ్వూ వినపడలేదు.

క్రషర్ ఆపేసరికి గంగులు నిలబడి ఉన్నాడు.
మూలనుంచి తేలివచ్చిన బంతి
ఒకడి నుదుటిని తాకి
లోపల పడింది.
అది తగిలిందో, వాడే కొట్టాడో,
మొహం చూస్తే వాడికీ తెలీనట్టే ఉంది.

అప్పుడు వాళ్ళు
గడ్డి మీద వరసగా చతికిలబడ్డారు,
ఒకడి వెనక ఒకడు, మోకాళ్ళు ముడిచి.
చేతుల్లో ఏమీ లేదు.
లేని తెడ్డు ఎత్తి
లేని నీళ్ళలో వేశారు.
ఇంకా రెండు గోల్సు వెనకే ఉన్నారు.
ఆ దీవి ఎక్కడుందో తెలియని వేలమంది
లేచి నిలబడి అరుస్తున్నారు.

ఐసు ఫ్యాక్టరీలో ఎవరూ అరవలేదు.
గంగులు తెరకి జానెడు దూరంలో వంగి చూసి
"మూడోవాడు ఆలస్యం" అన్నాడు.
"ముందువాడి వీపు చూడాలి, తెడ్డు చూసుకోకూడదు.
చుక్కాని దగ్గర ఎవడున్నాడు? ఎవడూ లేడు.
పోటు మీద ఇలా వేస్తే మొగలోనే తిరగబడతారు."
తిడుతున్నాడో దీవిస్తున్నాడో గానీ
అతని కుడి భుజం మాత్రం
చొక్కా లోపల కదులుతూనే ఉంది.
ఇంజన్ బోటెక్కి పన్నెండేళ్ళయింది ఆ భుజం.

చివరికి ఆరు తిన్నారు.
అది చూడ్డానికి ఎవరూ లేరు.
పాటు తగిలింది, పోయారు.

మూడో రాత్రి ప్రపంచాన్నే గెలిచినవాళ్ళతో ఆట.
బోట్లన్నీ సముద్రంలో. నేనొక్కణ్ణే.
వేళ్ళు ముడుస్తూ కూర్చున్నాను.
రెండు చేతులూ సరిపోయాయి,
ఒక్క వేలు మిగల్లేదు.
పిడికిళ్ళతోనే వెళ్ళి టీవీ కట్టేశాను.
వాళ్ళు మళ్ళీ గడ్డి మీద కూర్చోలేదు.
కూర్చునే పని పడలేదు.

నాలుగు రోజులకి గంగులు వచ్చాడు.
అయిదు దిమ్మలు పట్టుకెళ్ళి
అర బుట్ట కవళ్ళతో తేలాడు.
మిగతా ఐసు దార్లోనే నీళ్ళయింది.
ఎన్ని తిన్నారని అడగలేదు, ఎవరు గెలిచారనీ అడగలేదు.
"ఆ మూడోవాడు సర్దుకున్నాడా?" అన్నాడు.

"సర్దుకున్నాడు" అన్నాను.
"వీపు చూసే వేస్తున్నాడు."

తలూపాడు.
జేబు తడుముకుని,
ఇంకో మూడు దిమ్మలు
అప్పు రాయమన్నాడు.